నెలనెలా వచ్చే మందుల బిల్లు ఎమర్జెన్సీ కాదు

ప్రశ్న: అమ్మకు 72 ఏళ్లు. షుగర్, బీపీ, మోకాళ్ల అరుగుదల ఉన్నాయి. ఈమధ్య కిడ్నీల పనితీరు కూడా తగ్గిందన్నారు. నలుగురు స్పెషలిస్టులకు చూపిస్తున్నాం, రోజుకు 11 మాత్రలు. ఖర్చంతా క్రెడిట్ కార్డు మీదే. 8 నెలలుగా మినిమమ్ డ్యూ మాత్రమే కడుతున్నాను. పర్సనల్ లోన్ తీసుకుని కార్డు తీర్చేసి, మిగిలింది అమ్మ వైద్యానికి ఉంచుకోవచ్చా?

జవాబు: వద్దు. షుగర్ మందు వచ్చే నెలా కొనాలి, ఆ పై నెలా కొనాలి. అలాంటి ఖర్చును అనుకోకుండా వచ్చిపడినదానిలా చూసి అప్పు చేయడమే చాలా ఇళ్లలో జరుగుతున్న పొరపాటు. కార్డు వడ్డీ నెలకు 3 శాతమైతే, చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. వడ్డీ తక్కువైతేనే లోన్ తీసుకోండి, అదీ కార్డు బాకీ ఎంతుందో అంతే. ఆ రోజు నుంచి కార్డు వాడకండి.

గత 12 నెలల బిల్లులు ముందేసుకోండి. మందులు, డాక్టర్ ఫీజులు, మూడు లేదా ఆరు నెలలకోసారి చేయించే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్), కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు, ఏడాదికోసారి కంటి రెటీనా పరీక్ష అన్నీ కలిపి 12తో భాగించండి. ఆ మొత్తం జీతం పడ్డ రోజే వేరే ఖాతాకు వెళ్లిపోవాలి.

అత్యవసర నిధి దీనికి పూర్తిగా వేరు. 6 నెలల ఇంటి ఖర్చు, అందులో మందుల ఖర్చూ కలిపి, ఒక్కరోజులో చేతికొచ్చేలా ఉంచండి. ఆరోగ్య బీమా పాలసీలో 20 శాతం కో-పే (బిల్లులో మీరు భరించాల్సిన వాటా) ఉంటే ఆస్పత్రి బిల్లులో ఐదో వంతు మీదేనని మరవకండి, నిధిలో దానికీ చోటుండాలి. ఈ నిధి నిండేదాకా కొత్త పెట్టుబడి ఏదీ వద్దు. బీమా తీసుకుంటే ఉన్న జబ్బులన్నీ రాయండి, దాస్తే క్లెయిమ్ తిరస్కరించవచ్చు.

ఇక ఆ 11 మాత్రలు. నలుగురూ ఎవరి జబ్బుకు వాళ్లు మందు రాస్తుంటే, మొత్తం చీటీని కలిపి చూసేవారు ఉండరు. ఇంట్లో ఉన్న ప్రతి స్ట్రిప్పూ, సొంతంగా కొన్న నొప్పి మాత్రలతో సహా, ఒక సంచిలో వేసుకుని మీ ఫ్యామిలీ డాక్టర్ దగ్గరకు వెళ్లండి. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదవండి: బ్రాండ్లు రెండైనా లోపలి మందు ఒకటే కావచ్చు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్‌తో కాళ్లు వాస్తే, ఆ వాపుకు మూత్రం ఎక్కువగా పోయే మాత్ర తోడవుతుంది. అలా ఒక మందు ఇంకో మందును తెస్తుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలైతే బీపీని పెంచుతాయి, ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి. మోకాళ్ల నొప్పికి ఏం వాడొచ్చో ఆ డాక్టర్‌నే అడగండి.

ఏది ఆపాలో ఆయన చెప్పాలి, మీరు ఆపకండి. డబ్బు సర్దుబాటు కాలేదని రోజు విడిచి రోజు మాత్ర వేయించడం అసలే వద్దు. వేసుకోని బీపీ మాత్ర పక్షవాతమై ఐసీయూ బిల్లుగా రావచ్చు. ఈ వారంలో ముందు ఆ సంచి పని చూడండి. మాత్రలు తగ్గినా మారినా నెలకు పక్కన పెట్టాల్సిన మొత్తాన్ని మళ్లీ లెక్కేయండి.