చెయ్యి జడ దాకా వెళ్ళిందా అని అడుగు

కాకినాడ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఎం.ఎస్. ఆర్థో తర్వాత భుజం మీద ఫెలోషిప్ కూడా ముగించి, రాజమండ్రిలో ఓపీ మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషం కలిగిందో. మా రోజుల్లో భుజానికంటూ వేరే డాక్టరు లేడు. తుంటి విరిగినా, వేలు నలిగినా, జబ్బ జారినా మేమే చూసేవాళ్ళం. నేను భుజం పని శ్రద్ధగా నేర్చుకున్నది నలభై దాటాకే. నాకు ఆలస్యంగా తెలిసినవి నీకు మొదటి రోజు నుంచే తెలిసి ఉండాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన వైపు పేషెంట్లు భుజం నొప్పి అని రారు. "రెక్క పట్టేసింది" అంటారు, "చెయ్యి లేవట్లేదు" అంటారు. ఆడవాళ్ళయితే "జడ వేసుకోలేకపోతున్నానమ్మా" అంటారు. ఒకాయన "వెనక జేబులో పర్సు తీయలేకపోతున్నా" అంటాడు. ఆ మాటల్ని వాళ్ళు అన్నట్టే కేసు షీటులో రాసుకో. ఎన్ని డిగ్రీలు లేస్తోందో కూడా రాయాలి, కాదనను. కానీ ఏడాది తర్వాత ఆమెను నువ్వు అడగాల్సింది చెయ్యి జడ దాకా వెళ్ళిందా అని.

చొక్కా తీయించకుండా భుజం చూడకు. వెనక నిలబడి రెండు భుజాలూ పోల్చి చూడు, కండ ఎక్కడ కరిగిందో అక్కడే తెలుస్తుంది. ఆడవాళ్ళకు తెర, పక్కన నర్సు ఉండాలి. సిగ్గుపడి ఆమె సగం చూపిస్తే నీకు సగమే తెలుస్తుంది. మెడ కూడా చూడు. ఎడమ భుజం నొప్పి నడిచినప్పుడే వస్తోంది, చెమట పడుతోంది అంటే ముందు ఈసీజీ తీయించు.

నేను చేసిన ఒక తప్పు చెబుతాను. ఫిట్స్ వచ్చి పడిపోయిన కుర్రాడు ఒకడు వచ్చాడు. భుజం కదలట్లేదు. ఎదురుగా తీసిన ఎక్స్‌రే బాగానే ఉన్నట్టు కనిపించింది. భుజం పట్టేసిందనుకుని వ్యాయామాలు రాసిచ్చాను. రెండు నెలలు వాడు పళ్ళు బిగబట్టి ఆ వ్యాయామాలు చేశాడు. తర్వాత సీటీ తీయిస్తే కీలు వెనక్కి జారి ఉంది. మొదటి రోజే పట్టుకుని ఉంటే మత్తిచ్చి సరిచేయగలిగేవాళ్ళం. ఆలస్యం కావడంతో పెద్ద ఆపరేషనే చేయాల్సి వచ్చింది. ఫిట్స్ గానీ కరెంటు షాకు గానీ తగిలాక మోచేయి పక్కకి ఆనించి ముంజేతిని బయటికి తిప్పలేకపోతున్నాడంటే, చంక వైపు నుంచి ఇంకో ఎక్స్‌రే తీయనిదే ఇంటికి పంపకు. ఆ కుర్రాడి మొహం నాకు ఇప్పటికీ గుర్తే.

ఎంఆర్ఐ రిపోర్టు చేత్తో పట్టుకుని వచ్చేవాళ్ళు రోజూ ఉంటారు. "తెగిపోయిందట డాక్టర్, ఆపరేషన్ తప్పదట" అని టెన్షన్‌తో కూర్చుంటారు. 1995లో వచ్చిన ఒక అధ్యయనంలో భుజం నొప్పే లేని 96 మందికి ఎంఆర్ఐ తీస్తే, అరవై దాటినవాళ్ళలో సగానికి పైగా, 54 శాతం మందిలో, భుజం కండరలో (కండను ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటి భాగం) చిరుగులు కనిపించాయి. భుజం నొప్పికి ఎముక గీకి కండరకు జాగా చేసే ఆపరేషన్ మా తరం ఎంతో నమ్మకంగా చేసింది. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ ట్రయల్‌లో, కెమెరా పెట్టి చూసి ఏమీ గీకకుండా వదిలేసినవాళ్ళకూ, గీకినవాళ్ళకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అది చదివిన రోజు నా పాత కేసులు తలుచుకుని బాధపడ్డాను. పడిపోయి ఒక్కసారిగా చెయ్యి లేవకుండా పోయిన యాభై ఏళ్ళవాడి సంగతి వేరు. అతన్ని నెలల తరబడి మాత్రల మీద ఉంచకు.

షుగర్ ఉన్నవాళ్ళకు భుజం పట్టేయడం ఎక్కువ. అది వదలడానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్ళు పడుతుందని మొదటి రోజే చెప్పు. చెప్పకపోతే మూడో నెలలో ఇంకో డాక్టరు దగ్గరికి, ఆ తర్వాత ఇంకొకరి దగ్గరికి తిరుగుతారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే నాలుగైదు రోజులు షుగర్ పెరుగుతుందనీ చెప్పాలి.

పుత్తూరు కట్టు కట్టించుకుని వచ్చినవాళ్ళను కసురుకోకు. కట్టు విప్పి వేళ్ళ రంగు, స్పర్శ చూడు. కసిరితే రెండోసారి రారు.

ఆపరేషన్ అనుకున్నాక పేషెంటు అడగని ప్రశ్నలకు నువ్వే జవాబు చెప్పాలి. ఎడమ భుజానికి ఆపరేషన్ అయితే దొడ్డికి వెళ్ళాక ఎలా కడుక్కోవాలి? ఈ ప్రశ్న లోపల నలుగుతూనే ఉంటుంది, ఎవరూ నోరు విప్పరు. ముందే చెప్పు, టాయిలెట్‌లో నీళ్ళ పైపు పెట్టించుకుంటారు. కుడి భుజమైతే కొన్ని వారాలు చెంచాతోనే తినాలి. మొదట్లో వెల్లకిలా పడుకుంటే నొప్పి ఎక్కువ, వీపు వెనక దిండ్లు పేర్చుకుని వాలి పడుకోమను. బ్లాకు, అంటే చేతికి మాత్రమే మత్తిచ్చే ఇంజెక్షన్, ఇచ్చాక చెయ్యి గంటల తరబడి మొద్దుబారి ఉంటుంది. ఆ సంగతి తెలియనివాళ్ళు చెయ్యి పోయిందని రాత్రంతా ఏడుస్తారు.

హమాలీ అయినా, తాటిచెట్టెక్కే మనిషయినా, ఆపరేషన్ డేటు ఇచ్చే ముందు ఇంట్లో సంపాదించేవాళ్ళు ఇంకెవరున్నారో అడుగు. కుట్టిన కండర ఎముకకు అతుక్కోవడానికి మూడు నెలలు కావాలి. చెయ్యి దాదాపు ఆరు వారాలు స్లింగ్‌లోనే ఉండాలి, బరువులంటే నాలుగైదు నెలల పైమాటే. ఆ మాట దాచి ఆపరేషన్ చేస్తే అతను నెలకే మూట ఎత్తుతాడు, నీ కుట్టు తెగుతుంది. తప్పు అతనిది కాదు. వ్యాయామాలు కాగితం మీద రాసిచ్చి ఊరుకోకు, ఇంటి నుంచి తోడొచ్చిన మనిషి చేత నీ ముందే చేయించు.

"ఇలాంటివి ఎన్ని చేశారు?" అని అడిగితే ఉన్న సంఖ్య చెప్పు. తక్కువైతే తక్కువే. కష్టమైన కేసుకు సీనియర్‌ను పిలిచి పక్కన నిలబెట్టుకో. అందులో చిన్నతనం లేదు.

బోస్టన్‌లో కాడ్మన్ అని ఒక సర్జన్ ఉండేవాడు. 1934లో భుజం మీద పెద్ద పుస్తకం రాసింది ఆయనే. అంతకుముందు, 1911 నుంచి 1916 దాకా, తన చిన్న ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళిన 337 మందిలో 123 తప్పులు తానే లెక్కగట్టి అచ్చు వేయించాడు. ఆపరేషన్ అయిన ప్రతి మనిషినీ మళ్ళీ కనుక్కోవాలన్నది ఆయన పట్టుదల. నువ్వూ ఒక నోటుబుక్ పెట్టు. పేరు, ఫోన్ నంబరు, వచ్చిన రోజు అన్న మాట, ఏడాదికి ఫోన్ చేస్తే చెప్పిన మాట. బాగున్నవాళ్ళు నీ దగ్గరికి మళ్ళీ రారు, బాగులేనివాళ్ళలో చాలామంది కూడా రారు. ఫోన్ చేస్తేనే తెలుస్తుంది.

వచ్చే సంక్రాంతికి కాకినాడ వచ్చేటప్పుడు ఆ నోటుబుక్ తీసుకురా. బాగులేదన్నవాళ్ళ పేజీలు ముందు చూద్దాం.

మీ మామయ్య