90 పాయింట్ల చౌక వైన్

ప్రశ్న: 90 పాయింట్లు వచ్చాయని, ధర కూడా తక్కువేనని అందరూ మెచ్చుకుంటున్న ఒక రెడ్ వైన్ కొన్నాను. జామ్ లాంటి తీపి, చెక్క వాసన తప్ప మరేమీ తెలియలేదు. లోపం వైన్‌లో ఉందా, నా నాలుకలోనా?

జవాబు: మీ నాలుకను అనుమానించవలసిన పని లేదు. అమెరికన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ ప్రాచుర్యంలోకి తెచ్చిన 100 పాయింట్ల పద్ధతిలో లెక్క సున్నా నుంచి కాక 50 నుంచి మొదలవుతుంది కాబట్టి, 90 అన్న అంకె పరీక్ష మార్కులకు అలవాటుపడిన కంటికి కనిపించినంత గొప్పదేమీ కాదు. పైగా ఆ పాయింట్లు ఒక ఏడాది పంటకే చెందుతాయి. దుకాణంలోని చీటీ 2019 పంటను పొగుడుతుంటే సీసా మీద 2021 అని ఉండవచ్చు. ముందు మీ లేబుల్ చూడండి. ఇక ఆ చెక్క వాసన చాలా చౌక వైన్లలో ఖరీదైన ఓక్ పీపాల నుంచి కాక, తొట్టెలో నానబెట్టిన ఓక్ ముక్కల నుంచి వస్తుంది. అది మోసమేమీ కాదు గానీ, పండు రుచిని మింగేస్తే మాత్రం విసుగే. వరుసగా అనేక వైన్లు రుచి చూసే విమర్శకుణ్ణి ఇలాంటి గాఢమైనవి సులువుగా ఆకట్టుకుంటాయి, భోజనం దగ్గర రెండో గ్లాసుకు అవే మొహం మొత్తుతాయి. మిగిలినదాన్ని కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి, 16 డిగ్రీల దగ్గర మరోసారి రుచి చూడండి. వెచ్చగా ఉన్నప్పుడు ఆల్కహాల్ ఘాటు ఎక్కువగా తోస్తుంది.