టేకు బల్లపై తెల్లని వలయం

ప్రశ్న: తాతల నాటి టేకు బల్లపై వేడి కాఫీ గ్లాసు పెట్టిన చోట తెల్లని వలయం ఏర్పడింది. అది పోయే మార్గం చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మరక తెల్లగా ఉన్నదంటే తేమ కొయ్యలోకి దిగలేదని, పైనున్న పాలిష్ పొరలోనే చిక్కుకున్నదని అర్థం, పాతకాలపు లక్క పాలిష్‌కు ఈ బాధ మరీ ఎక్కువ. వలయంపై పొడి నూలుగుడ్డ పరచి, నీళ్లు పోయని గోరువెచ్చని ఇస్త్రీపెట్టెను కొన్ని క్షణాలు మాత్రమే ఆనించి తీస్తూ, ప్రతిసారీ గుడ్డ ఎత్తి చూసుకొంటే, ఆ తేమ ఆవిరై మరక క్రమంగా పలచబడుతుంది. తొందరపడి వేడి పెంచితే పాలిష్ మెత్తబడి గుడ్డకు అంటుకొంటుంది. నల్లని మరకల సంగతి వేరు: నీరు కొయ్యను చేరి, అందులోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలవడం వల్ల ఆ నలుపు రావచ్చు కనుక, పాలిష్ తీయించి, ఆ నలుపును పోగొట్టే ఆక్సాలిక్ ఆమ్లం పూయించవలసి ఉంటుంది, అది విషపదార్థం, అనుభవమున్న వడ్రంగికే అప్పగించండి.