మేఘనాద్ సాహా రాజకీయాల్లోకి ఎందుకు వచ్చారు, ఎంపీగా ఏం చేశారు?

నక్షత్ర కాంతిలోని వర్ణరేఖలను బట్టి దాని ఉష్ణోగ్రత లెక్కగట్టే దారి చూపిన అయనీకరణ (వేడికి పరమాణువులు ఎలక్ట్రాన్లను కోల్పోవడం) సమీకరణం (1920) భౌతిక శాస్త్రవేత్త సాహాదే. అలహాబాద్‌లో, తర్వాత కలకత్తాలో ప్రొఫెసర్‌గా చేశారు.

రాజకీయాలు ఆయనకు హఠాత్తుగా పట్టలేదు. నదుల వరదల మీద ఏళ్ల తరబడి రాశారు. 1938లో కాంగ్రెస్ వేసిన జాతీయ ప్రణాళికా సంఘంలో పనిచేశారు. భారీ పరిశ్రమలు కావాలన్న పట్టుదల వల్ల చరఖా, కుటీర పరిశ్రమలే మేలన్న గాంధీవాదులతో పొసగలేదు. 1952లో కాంగ్రెస్ టికెట్ లేకుండానే, వామపక్షాల మద్దతుతో వాయవ్య కలకత్తా నుంచి లోక్‌సభకు గెలిచారు.

సభలో ఆయన ఎక్కువగా పట్టుబట్టింది అణుశక్తి మీద. 1948 అణుశక్తి చట్టం తెచ్చిన గోప్యత పరిశోధనకు అడ్డమని వాదించి, 1954 మేలో చర్చ లేవనెత్తారు. ప్రధాని నెహ్రూ, అణుశక్తి సంఘం అధ్యక్షుడు హోమీ భాభాల దారి మాత్రం మారలేదు. ప్రతిపక్ష సభ్యుడి చేతిలో ఉండేది ప్రశ్నే, నిధులు కావు కదా!

నిలిచిన పని పంచాంగ సంస్కరణ సంఘానిది, అధ్యక్షుడు ఆయనే. ఆ సంఘం సూచించిన జాతీయ శక క్యాలెండర్‌లో చైత్రం 1 మార్చి 22న, లీపు ఏడాది అయితే 21న వస్తుంది. అది సౌరమానం, మన ఉగాది చాంద్రమానం; అందుకే రెండూ కలవవు. 1957లో ఆ క్యాలెండర్ అమలయ్యేనాటికి ఆయన లేరు. 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘం ఆఫీసుకు వెళ్తూ కుప్పకూలారు.