దొరికిపోలేదు తమ్ముడూ

తమ్ముడికి,

నువ్వు రాసిన హత్య సిరీస్ గురించి రాత్రి ఒంటిగంటన్నరకి పెట్టిన మెసేజ్ పొద్దున లేచాక చూశాను. "అక్కా, దొరికిపోయాం. హంతకుడెవరో అందరికీ తెలిసిపోయింది, ఇంక మిగతా మూడు ఎపిసోడ్లు ఎవరు చూస్తారు?" అన్నావు. దాని కిందే ఇంకోటి. చివరి ఎపిసోడ్‌లో హంతకుణ్ణి మార్చేసి రెండు రోజులు రీషూట్ చేద్దామని సిరీస్ తీయిస్తున్నవాళ్లు అడుగుతున్నారు, నువ్వు సరే అనబోతున్నావు. ఫోన్‌లో చెప్తే ఆ టెన్షన్‌లో సగమే వింటావు, అందుకే రాస్తున్నాను. సరే అనకు.

ముందు నా చెవులతో విన్నది చెప్తాను. మొన్న సాయంత్రం అమీర్‌పేటలో మెట్రో ఎక్కాను, మియాపూర్ వైపు. పక్కన ఇద్దరమ్మాయిలు, మెళ్లో ఆఫీసు ఐడీ కార్డులు, మాట్లాడుకునేది నీ సిరీస్ గురించే. ఒకమ్మాయిది గోదావరి యాస. ఆ అమ్మాయికి పై పోర్షన్‌లో అద్దెకుండే లెక్చరర్ మీద అనుమానమే లేదు, పోస్ట్‌మాస్టర్‌ని ఆయన సొంత తమ్ముడే చంపాడని గట్టి నమ్మకం. రెండో అమ్మాయి ఇక్కడి పిల్లే. "ఆ లెక్చరర్ మంగళవారం పొద్దున మంజీరా కుళాయి నీళ్లు పట్టుకుంటున్నానన్నాడు కదా ఎస్సైతో, వాళ్లకి నీళ్లొచ్చింది సోమవారం, మళ్లీ బుధవారం దాకా ఎక్కడొస్తాయి?" అంది. కూకట్‌పల్లి దాకా ఇదే గొడవ. చివరికి మొదటమ్మాయి ఒప్పుకుంది. ఒప్పుకుని ఊరుకుందా? "సరే, వాడే చంపాడనుకో, ఎందుకు చంపినట్టు? ఆయన వాణ్ణి కొడుకులా చూసుకున్నాడు కదా" అంది. రెండో అమ్మాయి దగ్గర దానికి జవాబు లేదు. దిగేటప్పుడు కూడా ఇద్దరూ దాని గురించే మాట్లాడుకుంటున్నారు.

ఇది విన్నాక నాకు ఎంత సంతోషమేసిందో నీకు తెలియదు. ఆ నీళ్ల క్లూ నువ్వు కృష్ణానగర్ గదిలో కూర్చుని రాస్తున్నప్పుడు నాకు చదివి వినిపించావు, నేనేమో ఇది మరీ చిన్నదేమో, ఎవరికీ కనపడదేమో అన్నాను. తప్పు నాదే. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే ఊళ్లో, తెల్లారుజామున లేచి, మోటార్ వేసి, సంపు ఎంత నిండిందో టార్చ్ లైట్ పెట్టి చూసుకునే మనుషులకి ఏది నీళ్ల రోజో ఏది కాదో ఒంట్లోనే ఉంటుంది. మొదటి ఎపిసోడ్‌లో పోస్ట్‌మాస్టర్ భార్య డ్రమ్ములూ బిందెలూ నింపుకుంటూ పక్కింటావిడని కేకేసే సీన్ ఒక నిమిషం కూడా లేదు. అయినా పట్టుకున్నారు. వేలిముద్రలూ సీసీ కెమెరాలూ చూపించే సిరీస్‌లు బోలెడున్నాయి. నీళ్ల రోజు మీద ఒక హత్య నిలబెట్టడం మాత్రం నాకు తెలిసి నువ్వే చేశావు. దాన్ని నీ చేత్తోనే చెరిపేస్తానంటావా?

రోనాల్డ్ నాక్స్ అని ఒక ఇంగ్లీషు రచయిత, చర్చి ఫాదర్ కూడా, 1929లో డిటెక్టివ్ కథలకి పది నియమాలు రాశాడు. వాటిల్లో కొన్ని ఇవాళ పనికిరావు. మొదటిది మాత్రం ఇప్పటికీ అక్షరాలా నిజం: నేరం చేసినవాడు కథ మొదట్లోనే కనపడాలి. దొరికిన క్లూని పాఠకుల దగ్గర దాచొద్దని ఇంకో నియమం. అంటే ఏంటి, చూసేవాడికి కనిపెట్టే అవకాశం ఇవ్వాలనే కదా. అవకాశం ఇచ్చినప్పుడు కొంతమంది కనిపెడతారు. దానికి భయపడితే ఇలాంటి కథలు రాయలేం.

నేనెందుకు ఇంత గట్టిగా చెప్తున్నానో ఇప్పుడు చెప్తాను, ఇది నీకెప్పుడూ చెప్పలేదు. 1990ల చివర్లో, ఈటీవీలో అన్వేషిత సీరియల్ వస్తుంటే జనం పనులు మానుకుని టీవీ ముందు కూర్చునే రోజుల్లో, ఒక చానల్‌కి నేనూ ఒక వీక్లీ సస్పెన్స్ సీరియల్ రాశాను. చానల్ పేరు వద్దు. అప్పట్లో ప్రేక్షకుల మాట వినాలంటే ఉత్తరాలే. సంచిలో పోసుకుని తెచ్చి నా టేబుల్ మీద కుమ్మరించేవాళ్లు. పన్నెండో వారానికి ఆ ఉత్తరాల్లో చాలామంది హంతకుడు డాక్టరేనని రాసేశారు. నిజంగా డాక్టరే. పైవాళ్లు కంగారుపడ్డారు, మార్చమన్నారు, నేను మార్చేశాను. డాక్టర్‌ని మంచివాణ్ణి చేసి, అప్పటిదాకా నాలుగు సీన్లలో కూడా కనపడని ఒక డ్రైవర్‌ని తెచ్చి హంతకుడన్నాను. ప్రసారమయ్యాక ఖమ్మం దగ్గర ఊరి నుంచి ఒకావిడ ఇన్‌లాండ్ లెటర్ రాసింది. ప్రతి వారం చూసి, నోట్‌బుక్‌లో ఎవరెప్పుడు ఎక్కడున్నారో రాసుకుందట. డాక్టర్ చేతికి కట్టు ఎందుకుంది, తాళంచెవి ఆయన జేబులో ఎందుకుంది, ఆ రాత్రి కారు టైర్లకి ఎర్రమట్టి ఎందుకంటుకుంది, పదకొండు ప్రశ్నలు వరసగా రాసి, "వీటికి జవాబులు మీ దగ్గర లేకపోతే ఇన్ని వారాలు నేను ఏం చూసినట్టు?" అని అడిగింది. ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. ఆ ఉత్తరానికి నేను తిరుగు ఉత్తరం రాయలేకపోయాను. ఇప్పటికీ బీరువాలో ఉంది. నువ్వొచ్చినప్పుడు చూపిస్తాను.

నువ్వు మార్చినా అదే అవుతుంది. చివర్లో మారేది ఒక్క సీనే అనుకుంటావు, కానీ వెనకున్న అయిదు ఎపిసోడ్లూ అబద్ధమైపోతాయి. ఆ మెట్రోలో అమ్మాయి అంత శ్రద్ధగా పట్టుకున్న మంగళవారం ఉత్తి పొరపాటైపోతుంది.

లీక్ కాకుండా దాచుకోవడం వేరే సంగతి, అది చెయ్యి. 1980లో అమెరికాలో డాలస్ సీరియల్‌లో జె.ఆర్. అనే పాత్రని కాల్చిందెవరని ఎనిమిది నెలలు జనం కొట్టుకున్నారు. అసలు మనిషెవరో బయటికి పొక్కకుండా వేరే వేరే నటులు కాలుస్తున్నట్టు సీన్లు తీసిపెట్టారు.

ఇంక చూసేవాళ్లు పడిపోతారన్న భయం. దానికి నువ్వు ఆలోచించాల్సింది ట్విన్ పీక్స్ అనే అమెరికా సీరియల్ సంగతి. 1990 ఏప్రిల్‌లో ఏబీసీ చానల్‌లో మొదలైంది, అందులో లారా పామర్ అనే అమ్మాయిని చంపిందెవరని దేశమంతా ఒకటే ప్రశ్న. త్వరగా చెప్పేయమని చానల్ ఒత్తిడి పెట్టింది, నవంబర్‌లో చెప్పేశారు. అప్పటికే తగ్గుతున్న ప్రేక్షకులు ఆ తర్వాత ఇంకా తగ్గారు, 1991లో సిరీస్ ఆగిపోయింది. నాకు అర్థమైనంతలో, జవాబు చెప్పాక జనం చేతిలో అంత బలమైన ఇంకో ప్రశ్న పెట్టలేకపోయారు. నీ దగ్గర ఆ ప్రశ్న రెడీగా ఉంది. ఆ గోదావరి అమ్మాయే అడిగింది: తనని కొడుకులా చూసుకున్నవాణ్ణి ఎందుకు చంపాడు?

అందుకని నీ రెండు రోజుల రీషూట్ డబ్బులు నిజంగా ఉంటే, ఆరో ఎపిసోడ్ మీద పెట్టు. ఎస్సైకి కూడా నీళ్ల సంగతి ఆరులోనే తెలిసిపోనీ. ఇప్పుడున్న స్క్రిప్ట్‌లో ఎనిమిదిలో తెలుస్తోంది. చూసేవాళ్లకి అయిదులోనే తెలిసిన విషయం పోలీసుకి మూడు వారాల తర్వాత తెలిస్తే, వీడెంత మొద్దు అనుకుంటారు, నీ ఎస్సై పరువు పోతుంది. ఆరులో తెలిసి, లెక్చరర్ ఎదురుగా కూర్చుని ఆ మాట అడక్కుండా మామూలుగా టీ తాగితే, ఆ తర్వాత రెండు ఎపిసోడ్లూ జనం ఊపిరి బిగబట్టి చూస్తారు.

మిగతా మాటలకొస్తే, "మూడో ఎపిసోడ్ లాగ్ ఉంది" అని చాలామంది అంటున్నారని బాధపడ్డావు. నిజమే, నేనూ మా అపార్ట్‌మెంట్‌లో విన్నాను, ఒకతను ఒకటిన్నర స్పీడులో చూశానని లిఫ్ట్‌లో చెప్పాడు. కానీ మూడోది కత్తిరించకు. తప్పు రెండోదాని చివర్లో ఉంది. అక్కడ పోస్ట్‌మాస్టర్ తమ్ముడి ఆస్తి గొడవ మొత్తం తేల్చేశావు, మనిషికి మనసులో ఏ అనుమానమూ మిగల్చకుండా మూడోదాంట్లోకి పంపావు. అలాంటప్పుడు ఎస్సై ఇంట్లో భార్యాభర్తల గొడవ ఎంత బాగా రాసినా లాగ్ అనే అంటారు. అదే నాలుగోదాంట్లో పోస్ట్‌మాస్టర్ భార్య ఒక్క మాట లేకుండా అంతసేపు టీ పెడుతుంది చూడు, దాన్ని ఒక్కరు కూడా లాగ్ అనలేదు. అప్పటికి ఆవిడ మీద కూడా అనుమానం వచ్చేసింది కాబట్టి, చక్కెర డబ్బా మూత తీసినా భయంగానే చూశారు. సీజన్ టూ రాస్తే ఇది గుర్తుపెట్టుకో.

సిరీస్‌లో పక్కింటి ముసలమ్మ యాస సినిమా తెలంగాణలా ఉందని ఒకరన్నారని, వాళ్ల మీద కోపం తెచ్చుకున్నావు. కోపం అనవసరం, ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. సికింద్రాబాద్ వారాసిగూడలో పుట్టి పెరిగిన ముసలమ్మ ప్రతి మాటకీ గిట్ల, గట్ల, బిడ్డా అని తగిలించదు. మధ్యలో ఉర్దూ మాట దొర్లుతుంది, కోపమొస్తే గొంతు తగ్గుతుంది. డబ్బింగ్ ఇంకా చేతిలో ఉందిగా, మిగిలిన మూడింట్లో సరిచెయ్యి. ఆవిడ మాటలు ఎవరితోనైనా, అక్కడి పెద్దావిడతోనే, ఒకసారి చదివించుకో.

స్టార్ రేటింగులూ, వన్ టైమ్ వాచ్ అన్నవాళ్లూ, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ అదిరిందన్నవాళ్లూ, వాటితో నీకేం పనిలేదు, చదివి వదిలెయ్.

రీషూట్ గురించి వాళ్లకి ఏం చెప్పాలో తెలియకపోతే నా పేరు చెప్పు, నేనొచ్చి మాట్లాడతాను. ఆరో ఎపిసోడ్ స్క్రిప్ట్ ప్రింట్ తీసుకుని రేపు పొద్దున్నే మా ఇంటికి వచ్చెయ్. మాకు ఇవాళే నీళ్లొచ్చాయి, రేపు రావు, తీరిగ్గా కూర్చుని ఆ టీ సీన్ రాసుకుందాం.

అక్క