నాన్నగారి వీల్‌చైర్‌కి ఏ కుషన్? – సమాధానం

రోజంతా కూర్చునేసరికి మీ నాన్నగారికి పిర్రల దగ్గర ఎర్రబడుతోంది అన్నారు కదండీ. ముందు ఇప్పుడు ఆయన కింద వేస్తున్న, మధ్యలో రంధ్రమున్న గుండ్రటి దిండు తీసేయండి. దాని అంచు చుట్టూ నొక్కి రక్తప్రసరణను అడ్డుకుంటుంది. లేచాక అరగంటకీ ఎరుపు పోకపోతే కుషన్ సంగతి తర్వాత, వెంటనే డాక్టరుకు చూపించండి.

ఇలాంటివాళ్లకు గాలి నింపే చిన్న చిన్న గదులున్న కుషన్ నయమని నా నమ్మకం. గాలి ఎక్కువైతే గట్టిపడుతుంది, తగ్గితే పిర్రల ఎముక సీటుకు తగులుతుంది. అందుకే ఆయన కూర్చున్నాక కింద చెయ్యిపెట్టి చూడండి. ఎముకకూ సీటుకూ మధ్య ఒకటి రెండు సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. రోజూ చూడాల్సిందే.

మీరుండే చెన్నైలో పట్టే చెమటకి రెగ్జిన్ కవర్ అస్సలు వద్దు, గాలాడే సాగే గుడ్డ తీసుకోండి. ఏ కుషన్ వాడినా అరగంటకోసారి ఆయన్ని పక్కకు వాలించి బరువు మార్చాలి. కొనేముందు నాన్నగారిని కుర్చీతో సహా ఫిజియోథెరపిస్టుకి చూపించండి.