పాత పెట్టెల వైద్యం: బాబాయి ఫ్లాపీలు మొరాయిస్తున్నాయి

ప్రశ్న: మాస్టారూ, నమస్తే. పోయిన నెల మీరు చెప్పినవన్నీ చేశాను. మీకు గుర్తుందో లేదో, మా బాబాయి ఓడలో ఇంజనీరు. 1986లో సింగపూర్ నుంచి కమొడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్, దానికి 1541 ఫ్లాపీ డ్రైవ్ తెచ్చారు. ఇప్పుడు ఆయన లేరు. చిన్నప్పుడు నాకోసం ఆయన రాసిన ఎక్కాల ప్రోగ్రాం ఆ ఫ్లాపీల్లో ఎక్కడో ఉంది. నాకు కావలసింది అదొక్కటే. ఫ్లాపీని చదివే, రాసే హెడ్ తుడిచాను, అది జారే కడ్డీల మీద గట్టిపడిన గ్రీజు తీశాను, బెల్టు మార్చాను. కొత్త ఫ్లాపీ ఫార్మాట్ అయింది, రాసినది చదివింది కూడా. డ్రైవ్‌తో వచ్చిన డెమో ఫ్లాపీ కూడా బాగానే వస్తోంది. కానీ బాబాయివి పదకొండు ఉంటే మూడే చదువుతోంది. మిగతా వాటికి టకటకమని కొట్టుకుని, ఎర్ర లైటు మినుకుమంటోంది. చదివే మూడింటి లేబుళ్ళ మీద 86, 87 అని ఉంది. చదవనివన్నీ 90 తర్వాతవి. ఎర్రర్ నంబరు ఒకసారి 20, ఒకసారి 23, అప్పుడప్పుడు 27. 93లో ఎవరో మెకానిక్ డ్రైవ్ సర్వీసింగ్ చేశాడని అమ్మ అంటోంది. ఫ్లాపీల మీద బూజు లేదు, టార్చి వేసి చూశాను. హెడ్ పోయిందని షాపులో అన్నారు. ఇంకో డ్రైవ్ కొనమంటారా?
– ఒక పాఠకురాలు, లాసన్స్ బే కాలనీ, విశాఖపట్నం

జవాబు: అమ్మా, కొనకండి. హెడ్ పోతే అన్నిటికీ పోతుంది. 86 ఫ్లాపీ మీద ప్రేమ, 90 ఫ్లాపీ మీద కోపం హెడ్‌కి ఉండవు. మీరు ఉత్తరంలో మామూలుగా రాసేసిన మాటలు రెండున్నాయి. ఒకటి లేబుళ్ళ మీది సంవత్సరాలు, రెండోది 93 సర్వీసింగ్. జబ్బు నాకు అక్కడే దొరికింది.

ముందు నంబర్ల సంగతి. 21 వచ్చి ఉంటే నాకూ టెన్షన్ పట్టుకునేది. 21 అంటే హెడ్‌కి సింక్ గుర్తే, అంటే ‘ఇక్కడ రాత మొదలు’ అని చెప్పే గుర్తే, తగలడం లేదని. ఫ్లాపీలో ఏమీ లేకపోయినా, హెడ్ చచ్చిపోయినా అదే వస్తుంది. మీకు వచ్చేవి వేరు. 20 అంటే బ్లాకు హెడర్ (డేటా ముక్క ముందుండే చిరునామా) దొరకలేదని, 27 అంటే హెడర్ లెక్క తప్పిందని, 23 అంటే డేటా చదివాక లెక్క కుదరలేదని. అంటే చెవికి వినపడుతోంది, మాటే తెలియడం లేదు. పక్కింట్లో రేడియో మోగుతుంటే పాటో వార్తలో తెలుస్తుంది గానీ ఒక్క ముక్క అర్థం కాదు చూడండి, అలాగన్నమాట.

ఆ టకటక ఏమిటో చెబితే మిగతాది మీకే అర్థమవుతుంది. 1541 ఒక ఫ్లాపీ మీద 35 ట్రాకులు, అంటే ఒకదాని లోపల ఒకటిగా గుండ్రటి వరసలు, రాస్తుంది. ట్రాకుకీ ట్రాకుకీ మధ్య అర మిల్లీమీటరు పైచిలుకు, అంతే. అయితే హెడ్ ఇప్పుడు ఏ ట్రాకు మీద ఉందో చెప్పే సెన్సార్ ఇందులో లేదు. చదవడం కుదరనప్పుడు డ్రైవ్ ఏం చేస్తుందంటే, హెడ్‌ని వెనక్కి వెనక్కి తోసి, చివరన ఉన్న అడ్డానికి కొట్టి, ఇక కదలనంటే ‘సరే, ఇదే మొదటి ట్రాకు’ అని లెక్క మొదలుపెడుతుంది. ఆ కొట్టుకోవడమే మీకు వినపడేది. దానికే పోయిందని భయపడనక్కర్లేదు. కానీ ఏళ్ళ తరబడి అలా కొట్టుకుంటే హెడ్‌ని నడిపే స్టెప్పర్ మోటారు అమరిక వెంట్రుకవాసి జరుగుతుంది. కాపీ కాకుండా కావాలని ఎర్రర్లు పెట్టిన గేముల ఫ్లాపీలు వేస్తే దెబ్బలు ఇంకా ఎక్కువ. మీ బాబాయి గేములు ఆడేవారా?

ఇక జరిగింది నా లెక్కలో ఇది. 86, 87లో డ్రైవ్ కొత్తది, రాసినవన్నీ సరైన చోట పడ్డాయి. 90 నాటికి అమరిక జరిగింది. అయినా బాబాయికి ఇబ్బంది లేదు. అటు జరిగిన హెడ్డే రాసింది, అదే హెడ్ చదువుకుంది. తన రాత తను చదువుకుంటుంది, ఊళ్ళోవాళ్ళ రాత చదవలేదు. బజారులో కొన్న ఫ్లాపీలు రావడం మానేసి ఉంటాయి, అందుకే 93లో సర్వీసింగ్‌కి ఇచ్చి ఉంటారు. ఆ మెకానిక్ శుభ్రంగా అమరిక సరిచేశాడు. ఆ రోజు నుంచి డెమో ఫ్లాపీ వస్తోంది, బాబాయి 90 తర్వాత రాసినవి పోయాయి. మీ డ్రైవ్‌లో ఇప్పుడు లోపమేమీ లేదు, అందుకే అవి చదవడం లేదు!

ఇంత ధీమాగా ఎలా చెబుతున్నానంటే, ఈ తప్పు నేనే చేశాను కాబట్టి. అప్పట్లో డాబాగార్డెన్స్‌లో నా బల్ల మీదికి టేప్‌రికార్డర్లతో పాటు ఇలాంటివి కూడా ఒకటీ అరా వచ్చేవి. జగదాంబ దగ్గర వీడియో లైబ్రరీ నడిపే ఆయన క్యాసెట్ల అద్దె లెక్కలన్నీ కమొడోర్‌లో పెట్టుకునేవాడు. డ్రైవ్ కొత్త ఫ్లాపీలు చదవడం లేదని తెస్తే, నేను గొప్పగా అమరిక సరిచేసి పంపాను. సాయంత్రానికి ఆయన రిక్షాలో డ్రైవ్‌ని ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ వచ్చాడు. పాత లెక్క ఒక్కటీ రాలేదట. ఎవరి దగ్గర ఏ క్యాసెట్ ఉందో తెలియదు. ఆ రాత్రి పన్నెండింటి దాకా అమరికని వెనక్కి ‘చెడగొడుతూ’ కూర్చున్నాను. మీ 93 మెకానిక్‌ని తిట్టుకోకండి, ఒకవేళ అది నేనే అయినా కావచ్చు.

మీరూ ఇప్పుడు అదే పని చేయాలి, లెక్కగా చెడగొట్టాలి.

మొదట బాబాయి ఫ్లాపీలన్నిటికీ అంచున ఉన్న చదరపు గంటు మీద నల్ల టేపు అతికించండి. గంటు మూసి ఉంటే డ్రైవ్ రాయలేదు. ఇది చేయకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు. డ్రైవ్‌ని పీసీకి కలిపే జూమ్‌ఫ్లాపీ అనే చిన్న బోర్డు కూడా ముందే తెప్పించుకోండి. చదివిన క్షణమే ఫ్లాపీ మొత్తాన్ని డి64 ఫైలుగా పీసీలోకి లాగేయాలి, రేపు చూద్దాం అనుకోవద్దు.

బెల్టు కొత్తది కాబట్టి స్పీడు కూడా ఒకసారి చూసుకోండి. మెకానిజం అడుగున పెద్ద చక్రం మీద రెండు వరసల గీతలుంటాయి, ఒకటి 50కి, ఒకటి 60కి. మనకి 50. డెమో ఫ్లాపీ నుంచి ఏదైనా లోడవుతుండగా ట్యూబ్‌లైటు వెలుగులో ఆ గీతలు చూడండి. మన కరెంటుకి ట్యూబ్‌లైటు సెకనుకి వందసార్లు ఆరి వెలుగుతుంది. చక్రం నిమిషానికి సరిగ్గా 300 చుట్లు తిరుగుతుంటే ఆ వరస గీతలు తిరుగుతున్నట్టే ఉండవు, అతికించినట్టు నిలబడిపోతాయి. మెల్లగా ముందుకో వెనక్కో పాకుతుంటే మోటారు బోర్డు మీది చిన్న ప్రీసెట్‌ని (స్క్రూడ్రైవర్‌తో తిప్పే స్పీడు మరని) కొద్దిగా తిప్పాలి. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు, ఎలక్ట్రానిక్ చోకు ట్యూబూ పనికిరాదు. బరువుగా, జుయ్‌మని మోగే పాత రాగి చోకు ట్యూబే కావాలి. మీ వంటింట్లోనో, పక్కవాళ్ళ మెట్ల కిందో ఒకటి మిగిలే ఉంటుంది.

ఇక అసలు పని. డ్రైవ్ అరగంట ఆన్‌లో ఉంచి వేడెక్కనివ్వండి, ఎందుకంటే వేడికి అమరిక కొద్దిగా మారుతుంది. తర్వాత ప్లగ్ పీకి, మెకానిజాన్ని చట్రంలోంచి విప్పి, వైర్లు ఊడకుండా పక్కకి నిలబెట్టండి. వెనక ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 230 వోల్టులుంటాయి. దాని మీద అట్టముక్క కట్టి, చెప్పులేసుకుని, పక్కన ఒక మనిషిని పెట్టుకున్నాకే మళ్ళీ కరెంటు ఇవ్వండి. స్టెప్పర్ మోటారుని రెండు స్క్రూలు పట్టుకుని ఉంటాయి. వాటిని ముట్టుకునే ముందు గోళ్ళ రంగుతో మోటారు మీదా చట్రం మీదా కలిసేలా సన్నటి గీత గీయండి. ఇదే మీ ఇంటి అడ్రసు. పనయ్యాక మోటారు మళ్ళీ ఇక్కడికి రావాలి.

స్క్రూలు ఊడదీయకండి. మోటారు బిగువుగా కదిలేంత వదులు చాలు. చదవని ఫ్లాపీల్లో పాతది ముందు వేయండి, దానికి తేడా తక్కువ ఉంటుంది. డైరెక్టరీ (ఫ్లాపీలోని ఫైళ్ళ జాబితా) అడగండి. రాకపోతే మోటారుని గీత నుంచి వెంట్రుకవాసి ఒక పక్కకి తిప్పి మళ్ళీ అడగండి. ఏ పక్కకో నేను ఇక్కడినుంచి చెప్పలేను, రెండు పక్కలా చూడాలి. నంబర్లు గమనిస్తూ ఉండండి. 20లు తగ్గి 23లు ఎక్కువైతే దగ్గర పడుతున్నట్టే. 21 వచ్చిందంటే దాటిపోయారు, వెనక్కి రండి. డైరెక్టరీ కనపడగానే స్క్రూలు ఒక దాని తర్వాత ఒకటి పావు చుట్టు చొప్పున బిగించండి. ఒకటే ఒకేసారి బిగిస్తే మోటారు దానితో పాటే తిరిగిపోతుంది, మీ గంట కష్టం గంగపాలు. అక్కడ రెండో రంగుతో ఇంకో గీత పెట్టి ఫ్లాపీ మొత్తం పీసీలోకి లాగండి. 92 ఫ్లాపీకి మళ్ళీ ఇంకొంచెం తిప్పాల్సి రావచ్చు.

మీది సముద్రం పక్క కాలనీ. కిటికీ బోల్టులే నిలవని చోట డ్రైవ్‌కి తగిలించే ఆరు పిన్నుల కేబుల్ పచ్చబడకుండా ఉండదు. మధ్యలో డ్రైవ్ ఉన్నట్టుండి పలకకపోతే ముందు ఆ పిన్నులు తుడవండి. ఎక్కాలు దొరికితే పన్నెండో ఎక్కం దాకా ఉందో, పదితో ఆపేశారో రాయండి.

ప్రశ్న: పాత ఫ్లాపీల్లో గుండ్రటి పొర మీద తెల్ల మచ్చలున్నాయి. డ్రైవ్‌లో వేసి చూడొచ్చా? – ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: వద్దు బాబూ. అది బూజు. ఒక్క చుట్టు తిరిగితే చాలు, హెడ్‌కి అంటుకుని పక్క ఫ్లాపీని కూడా గీకేస్తుంది. కవరు పై అంచు బ్లేడుతో కోసి, పొరని మధ్య కంత దగ్గర పట్టుకుని బయటికి తీయండి. మెత్తటి గుడ్డ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి నెమ్మదిగా తుడిచి, నీడలో ఆరబెట్టి, పనికిరాని ఫ్లాపీ కవరు ఒకటి ఖాళీ చేసి అందులో పెట్టి చదివించండి. ప్రతి ఫ్లాపీకీ హెడ్ తుడవాలి. శానిటైజర్, థిన్నర్, గోళ్ళ రంగు తీసే ద్రవం మాత్రం దగ్గరికి రానివ్వకండి.